స్విచ్చి ఆపారు సరే, కరెంటు ఆగిందా?

కాలనీలోని అక్కలారా, అన్నలారా! సొంతిల్లున్నవాళ్లూ, అద్దెకుంటున్నవాళ్లూ!

ఈ కాగితాన్ని బజ్జీల పొట్లానికి పంపేముందు ఒక్కసారి తలెత్తి మీ ఇంటి పైకప్పు చూడండి. అక్కడ వెలుగుతున్న లైటు గురించే ఈ మాట.

మన వీధిలోనే ఒక ఇంట్లో పడగ్గది ఎల్ఈడీ బల్బు, స్విచ్చి ఆపేశాక కూడా రాత్రంతా సన్నగా మెరుస్తూ ఉండేది. "పోనీలే, బెడ్‌లైటు ఖర్చు తప్పింది" అని ఇంటి పెద్దావిడ సంతోషపడింది. రెండేళ్లు అలాగే గడిచాయి. ఒకరోజు బల్బు మార్చుదామని కొడుకు స్టూలెక్కాడు. స్విచ్చి ఆపాడు కూడా. హోల్డర్‌కు వేలు తగలగానే షాక్ కొట్టి కిందపడ్డాడు. మణికట్టు విరగడంతో సరిపోయింది, అదృష్టం. తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పితే తేలిందేమిటంటే, ఇల్లు కట్టినప్పుడు స్విచ్చిని ఫేజు వైరుకు కాకుండా న్యూట్రల్ వైరుకు బిగించారు.

ఇలా బిగిస్తే లైటు చక్కగా వెలుగుతుంది, చక్కగా ఆరుతుంది. బిల్లులో తేడా రాదు. కానీ స్విచ్చి ఆపినా హోల్డర్‌లో 230 వోల్టులు అలాగే కూర్చుని ఉంటాయి. బల్బుకు ఈ తేడా తెలియదు, దాన్ని ముట్టుకున్న చేతికే తెలుస్తుంది. అందుకే "వెలుగుతోంది కదా, ఇంకేం కావాలి" అనే మాటను ఇవాళ్టితో కట్టిపెడదాం.

ఆపాక మెరిసే ప్రతి బల్బూ ప్రమాదమని భయపెట్టడం లేదు. స్విచ్చిలో ఎర్ర ఇండికేటర్ ఉన్నా, పక్కపక్కనే నడిచే వైర్ల వల్ల కూడా ఎల్ఈడీ అలా మెరవచ్చు. కారణం ఏదో తేల్చాల్సింది మాత్రం మీటరు పట్టుకున్న ఎలక్ట్రీషియనే. మీరు, నేను కాదు.

ఇక ఫాల్స్ సీలింగ్. ఈ మధ్య కొత్తగా రంగులేయించిన ప్రతి ఇంట్లో పీవోపీ పువ్వులు, వాటి మధ్య డజను గుండ్రటి లైట్లు. చూడ్డానికి బాగుంటుంది, కాదనం. పువ్వుల వెనక ఏముందో ఎవరైనా చూశారా? పీవోపీ పనివాళ్లు తొందరపెడుతుంటే రెండు వైర్లను చేత్తో మెలిపెట్టి, రెండు చుట్లు టేపు చుట్టి లోపలికి తోసేసిన జాయింట్లు ఉంటాయి. అవి బాక్సులో ఉండవు, కనెక్టర్‌తో బిగించి ఉండవు. వేసవిలో పైన స్లాబ్ కాలుతుంది, పక్కన లైటు డ్రైవర్ వేడెక్కుతుంది, టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. వదులైన జాయింట్ దగ్గర వేడి ఇంకా పెరుగుతుంది. ముందు లైటు మినుకుమంటుంది, తర్వాత సన్నగా జుయ్యిమని చప్పుడు, ఆ తర్వాత కాలిన ప్లాస్టిక్ వాసన, లైటు చుట్టూ గోధుమరంగు మరక. ఈ నాలుగింట్లో ఏది కనిపించినా ఆ లైటు వాడటం ఆపేయండి. కొత్త బల్బు పెడితే తీరే జబ్బు కాదది.

"మాకు ఎంసీబీ ఉంది, అదే పడిపోతుంది" అంటారు కొందరు. ఎంసీబీ పని వైరును కాపాడటం. లైట్ల లైనుకు 6 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే, అంతకు మించి లాగినప్పుడో, షార్ట్ అయినప్పుడో అది పడుతుంది. మనిషి ప్రాణం తీయడానికి అందులో చిన్న భాగం చాలు, అంత తక్కువ కరెంటు దాని లెక్కలోకే రాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సరిపోలకపోతే కన్నుమూసి తెరిచేలోగా లైను తెంచేస్తుంది. ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి పట్టుకుంటే అదీ కాపాడలేదు, వదులు జాయింట్‌ను బిగించనూలేదు. అయినా ఇంటికి ఒకటి ఉండి తీరాలి. ఉన్నవాళ్లు దాని మీది టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కండి. నొక్కినా పడకపోతే అది ఉన్నా లేనట్టే.

షాండ్లియర్ల వాళ్లకు విడిగా ఒక మాట. లోహపు ఒళ్లున్న లైటుకు పచ్చ వైరు, అంటే ఎర్తింగ్, తప్పనిసరి. చాలాచోట్ల దాన్ని కత్తిరించి వదిలేస్తున్నారు. ఇంకా ఘోరం, న్యూట్రల్‌తో కలిపేస్తున్నారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున మొత్తం షాండ్లియర్‌కే కరెంటు ఎక్కుతుంది.

వానలు పడుతున్నాయి. స్లాబ్‌లో ఊరిన నీరు పైపుల వెంట దిగి లైటు దగ్గర చుక్కలుగా కారితే, కింద బకెట్ పెట్టి ఊరుకోకండి. పొడి చేతులతో మెయిన్ దించండి. బోర్డు కూడా తడిగా ఉంటే ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేయండి.

ఇంటి ఓనర్లకు మనవి: అద్దెకున్నవాళ్లు గోడలో వైరు మార్చలేరు, మార్చే హక్కూ వాళ్లకు లేదు. "బల్బే కదా, మీరే చూసుకోండి" అనడం న్యాయం కాదు. బల్బు వాళ్లది, వైరింగ్ మీది. అద్దెకున్నవాళ్లకూ మనవి: నోటిమాటగా చెప్పి ఊరుకోకండి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి, తేదీ ఉంటుంది. బల్బు, ఫ్యాను, స్విచ్చి మార్చడం లాంటి చిన్న పనులు తప్ప వైరింగ్ పని లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలని విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. తక్కువకు చేస్తాడని పిలిచినవాణ్ని లైసెన్సు అడగడానికి మొహమాటం ఎందుకు?

వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు అందరం వాటర్ ట్యాంకు దగ్గర కలుద్దాం. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్లు ఇద్దరితో మాట్లాడాం. ఇంటింటికీ వచ్చి హోల్డర్లు, ఎర్తింగ్, మెయిన్ బోర్డు చూసి, ఏం మార్చాలో కాగితం మీద రాసిస్తారు. ఖర్చు ఇంటికింత అని వేసుకుందాం, ఇవ్వలేని ఇంటిది మిగతావాళ్లం సర్దుకుందాం. శనివారం రాత్రి లైట్లన్నీ ఆపి, చీకట్లో ఏ బల్బు ఇంకా మెరుస్తోందో చూసి రాసుకు రండి.

అప్పటిదాకా బల్బు మార్చాల్సి వస్తే స్విచ్చిని నమ్మకండి, మెయిన్ దించండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపండి. మెయిన్ దించినా లైట్లకు బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది.

ఇట్లు,
మీ వీధివాళ్లం