పెట్టె మీద అంకె కాదు, మూత కింద వాషరు చూడాలి

భద్రాచలం ఏజెన్సీలో వానలు ముదిరాయంటే గోదావరి కంటే ముందు వాగులు పొంగుతాయి. చర్ల, దుమ్ముగూడెం మండలాల్లోని లోపలి గూడేలకు దారులు తెగిపోతాయి. ఆ రోజుల్లో సౌరదీపం వెలగాలి, ఫోను పలకాలి, ఆరోగ్య కార్యకర్త చేతిలోని పరికరం పనిచేయాలి. ఇవన్నీ బాగా అవసరపడేది వానలోనే, చెడిపోయేదీ వానలోనే. దీనికి వానను నిందించి ప్రయోజనం లేదు. చాలా సందర్భాల్లో తప్పు మూత కింద ఉండే సిలికోన్ వాషరుది, దాన్ని పట్టించుకోని కొనుగోలు పద్ధతిది.

గోదావరి సంగతి ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ అవుతాయి. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అటువంటి వేళ హెచ్చరిక అందడానికీ, అందకపోవడానికీ మధ్య ఒక పరికరం పెట్టెలో దూరిన నాలుగు చుక్కల నీరే అడ్డు కావచ్చు.

అంకె చెప్పని సంగతి

నీరు దూరని పరికరాలకు ఐ.పి. 67 అన్న గుర్తు వేస్తారు. ఐ.ఇ.సి. 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 6 అంటే దుమ్ము దూరదు. 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా హాని కలగదు. ఈ అంకె కనబడగానే టెండరు ఖాయం చేయడం అలవాటైంది. కాని ఆ పరీక్షలో నీటికీ, పరికరానికీ మధ్య ఉష్ణోగ్రత తేడా 5 డిగ్రీలు మించరాదన్న నియమం ఉంది. ఏజెన్సీ వాతావరణం ఆ నియమాన్ని పాటించదు.

మే, జూన్ నెలల్లో ఎండలో ఉన్న నల్లటి పెట్టెలోని గాలి 60 డిగ్రీలకు వేడెక్కిందనుకుందాం. వేడికి వ్యాకోచించి కొంత గాలి మెల్లగా బయటికి పోతుంది. సాయంత్రం ఒక్కసారిగా గాలివాన కురిసి పెట్టె 25 డిగ్రీలకు చల్లబడితే లోపలి పీడనం సుమారు పదోవంతు పడిపోతుంది. అది ఒక మీటరు లోతు నీటి ఒత్తిడికి సమానం. అంటే చెట్టుకు కట్టిన పెట్టె కూడా నీటిలో ముంచినంత పనిగా బయటి తడిని లోపలికి పీల్చుకుంటుంది. అది ఒక్కనాటితో పోదు, వేసవి చివరి గాలివానలన్నిటికీ పునరావృతమవుతుంది. అందుకే మంచి పెట్టెలకు గాలిని పోనిచ్చి నీటిని ఆపే సన్నని పొర గల రంధ్రం అమరుస్తారు. చవక పెట్టెల్లో అది ఉండదు.

సిలికోన్ గుణదోషాలు

సిలికోన్ రబ్బరును ఎన్నుకోవడం సబబే. మామూలు రబ్బరు ఎండకు పగుళ్లిస్తుంది. సిలికోన్ ఎండకూ, వేడికీ చాలాకాలం తట్టుకుంటుంది. అయితే అది సులభంగా చిరుగుతుంది. నీటిని ఆపినా నీటి ఆవిరిని మాత్రం మెల్లగా పోనిస్తుంది. పెట్రోలు తగిలితే ఉబ్బిపోతుంది.

వాషరును అమర్చే తీరు మరీ ముఖ్యం. దాని మందంలో ఇంచుమించు నాలుగోవంతు నొక్కుకునేలా గాడి ఉండాలి. రబ్బరు నొక్కితే చిన్నదైపోదు, పక్కలకు జరుగుతుంది. కనుక గాడిలో దానికి కొంత ఖాళీ వదలాలి. మరలు ఎడంగా ఉంటే వాటి మధ్య ప్లాస్టిక్ మూత పైకి వంగి సందు ఇస్తుంది. వాషరు ఒకే వలయంగా పోతపోసినదై ఉండాలి. పట్టీని కోసి కొసలు అతికిస్తే ఆ అతుకు వద్దే నీరు దూరుతుంది.

ఏళ్ల తరబడి నొక్కుడు పడిన వాషరు తిరిగి పొంగే గుణం కోల్పోతుంది. ప్రెషర్ కుక్కరు వాషరు వదులై ఆవిరి పక్కలనుంచి పోవడం ప్రతి గృహిణికీ తెలిసిన విషయమే. కుక్కరుకు కొత్త వాషరు బజారులో దొరుకుతుంది. గూడెంలోని దీపం పెట్టెకు దొరకదు. బ్యాటరీ మార్చడానికి మూత విప్పినవారు పాత వాషరునే బిగిస్తారు, లేదా దుకాణంలో దొరికే సిలికోన్ పేస్టు పూస్తారు. పులిసిన వాసన వచ్చే రకం పేస్టు ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. అది లోపలి రాగి తీగలను తినేస్తుంది. వాన చేయని చెరుపు మరమ్మతు చేస్తుంది.

వాషరును చిన్న వస్తువని తీసిపారేయడం ఎంత ప్రమాదమో ప్రపంచం చూసింది. 1986 జనవరి 28న అమెరికా ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలి ఏడుగురు మరణించడానికి మూలం, చలికి బిరుసెక్కిన రబ్బరు వలయాలే. విచారణలో శాస్త్రవేత్త ఫైన్‌మన్ అదే రబ్బరు ముక్కను మంచునీటిలో ముంచి చూపాడు. అక్కడ చలి, ఇక్కడ ఎండ. పాఠం మాత్రం ఒక్కటే. వాడే చోటి వాతావరణంలో పరీక్షించని వాషరును నమ్మరాదు.

చేయవలసినది

ఖర్చు పెరుగుతుందన్న వాదన వినిపించవచ్చు. వాషరు ధర పరికరం ధరలో అల్పం. తడిసిన పరికరాన్ని అడవి దాటించి తెచ్చి మార్చే ఖర్చే అధికం. పెట్టెనంతా జిగురు పోసి మూసేయాలనేవారూ ఉన్నారు. అప్పుడు బ్యాటరీ అయిపోగానే దీపం చెత్తకుప్పలో చేరుతుంది.

సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, అటవీ, ఆరోగ్య శాఖలు ఏజెన్సీకి కొనే ప్రతి పరికరానికీ మూడు షరతులు పెట్టాలి. నమూనా పెట్టెను 60 డిగ్రీల వరకు వేడిచేసి చన్నీటిలో ముంచి చూడాలి. ప్రతి పరికరంతోపాటు అదనంగా రెండు వాషర్లు ఇవ్వాలి. ఏటా మే నెలలో, తొలకరికి ముందే, పాతవి మార్చాలి. ఈ పనిని ఐ.టి.ఐ.లలో చదివే గిరిజన యువకులకు నేర్పితే వారికి ఉపాధి, గూడేలకు వెలుగు దక్కుతాయి.

వాగు అవతలి గూడెంలో పురిటి నొప్పులు పడే తల్లికి పెట్టె మీది అంకెతో పనిలేదు. ఆ రాత్రి దీపం వెలిగిందా, ఫోను పలికిందా అన్నదే ఆమెకు కావాలి. అధికారులు వానలు రాకముందే మూతలు విప్పి చూడడం మంచిది.