బోయీల ఊసెత్తరేం?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ - ఈ మూడూళ్లలో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా 2013 నవంబరులో సచిన్ ఆడిన ఆఖరి టెస్టు గురించి చెప్పేవాళ్లు దొరుకుతారు. 74 పరుగులు చేశాడనీ, వీడ్కోలు మాటలు చెప్పి అందర్నీ ఏడిపించాడనీ పూసగుచ్చినట్టు చెబుతారు. "సరేనండీ, ఆ మ్యాచిలో 89 పరుగులిచ్చి 10 వికెట్లు తీసిందెవరు?" అని నేనడిగితే మాత్రం తల గోక్కుంటారు!

ప్రజ్ఞాన్ ఓఝా అండీ! భువనేశ్వర్‌లో పుట్టినా మన హైదరాబాదు జట్టులో ఎదిగినవాడు. ఆనాడు పడ్డ ఎదుటివాళ్ల 20 వికెట్లలో సగం అతనివే. మ్యాన్ ఆఫ్ ద మ్యాచూ అతనే. 24 టెస్టుల్లో 113 వికెట్లు తీసినవాడికి ఇరవయ్యయిదోది మరి దక్కలేదు. 2014లో బౌలింగు తీరుకు అభ్యంతరం వచ్చిన మాట నిజమే. సరిదిద్దుకుని 2015లో అనుమతి తెచ్చుకున్నాడు కదా! అయినా పిలుపు రాలేదు. బెంగాలు జట్టుకు ఆడాడు, బీహారు జట్టుకు ఆడాడు, 2020లో ఆటకు దణ్ణం పెట్టేశాడు.

పల్లకీ ఎక్కినవాడికి పూలదండలు, మోసిన బోయీకి భుజం నొప్పీనా? ఎన్ని పరుగులు పోగేసినా, ఎదుటివాళ్ల వికెట్లు పడందే టెస్టు గెలిచేదెలా?

పిల్లాడికి బ్యాటు కొనిచ్చి మురిసిపోయే తండ్రులారా! ఎండలో వాడికి బంతులేసే ఆ పక్కింటి కుర్రాడి పేరేమిటో చెప్పగలరా?