ఊపిరి మాది, పేరు ఎవరిది?

పెళ్లి ఊరేగింపులో ముందు నడిచేది మేము. తిరునాళ్లలో రథానికి ముందు నడిచేది మేము. గెలిచిన నాయకుడి జీపుకు ముందు నడిచేదీ మేమే. ఇంత ముందు నడిచేవాళ్లం భోజనాల దగ్గర ఆఖరి పంక్తివాళ్లం. బ్యాండు మేళంలో ఊదే సాయిబులం మేము. దూదేకులోళ్లం, షేకులం, ఫకీర్లం. మా పక్కన డ్రమ్ములు కొట్టే మాల, మాదిగ సోదరులున్నారు. అందరం ఒకే ఎర్రకోటు తొడుక్కుంటాం. ఆ కోటు విప్పాక ఎవరి గుడిసె వాళ్లది, ఎవరి అవమానం వాళ్లది.

ఈ బాకాలూ క్లారినెట్లూ తెల్లదొరల పటాలాలతో వచ్చాయి. పటాలాల నుంచి సంస్థానాలకు, జమీందార్ల కోటలకు, అక్కణ్నించి పెళ్లి పందిళ్లకు నడిచాయి. మీరట్‌లో నాదిర్ అలీ అనే సైనిక బ్యాండు మాస్టరు 1885లో మొదలుపెట్టిన వాయిద్యాల వ్యాపారం తర్వాత పెద్ద కార్ఖానా అయింది. అక్కడి జలీ కోఠీ వీధుల్లో తరతరాలుగా ఇత్తడి రేకును గొట్టంగా చుట్టి, సాగగొట్టి, మెరుగుపెట్టేవాళ్లలో ఎక్కువమంది ముస్లిం పనివాళ్లే. బాకా చేసేదీ మావాళ్లే, ఊదేదీ మావాళ్లే. పెళ్లి మాత్రం మీది. మాకందులో అభ్యంతరం లేదు. అది మా అన్నం.

మా బతుకు నడిచేది మీ పంచాంగంతోనే. రంజాన్ నెలవంక కంటే ముందు శుక్రమూఢం ఎప్పుడో కనుక్కుంటాం. ఆషాఢం వస్తే మా పొయ్యిలో పిల్లి లేవదు. మాఘం వస్తే అప్పులవాడికి మొహం చూపిస్తాం. కల్యాణంలో తాళి కట్టే క్షణాన గట్టిమేళం ఎప్పుడు ఎత్తుకోవాలో అయ్యవారి చెయ్యి చూసి చెప్పగలం. ఇంతగా మీలో కలిసి బతికినవాళ్లని ‘ప్రధాన స్రవంతిలో కలవండి’ అంటున్నారు. ఇంకెక్కడ కలవాలి? ఎంత లోతున మునగాలి?

2023లో శ్రీరామనవమి రంజాన్ నెలలోనే వచ్చింది. ఆ పండక్కి ఒక ఊరి కమిటీవాళ్లు తిరునాళ్ల మైదానంలో బ్యాండు మేళాల పోటీ పెట్టారు. మొత్తం నాలుగు మేళాలు. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. ఒక త్యాగరాజ కీర్తన, ఒక సినిమా పాట, ఒక మార్చి పాట. పదిహేనుమందిమి వెళ్లాం. సగంమంది రోజాతో ఉన్నారు. రోజాతో ఊదడమంటే ఏమిటో ఊదినవాడికే తెలుసు. క్లారినెట్ రీడు తడవాలంటే నోట్లో తడి ఉండాలి. మిట్టమధ్యాహ్నపు ఎండలో, నీళ్లు ముట్టని నోటితో ఆ తడి ఎక్కణ్నించి తేవాలి? అయినా ఎవరూ మానలేదు. రాముడి పెళ్లికి ఊదడం మాకు తాతలనాటి పని.

మా పెద్ద డ్రమ్ము ముఖాన మేళం పెట్టిన పెద్దాయన పేరుంది, పక్కన చిన్న నెలవంక ఉంది. కమిటీ మనిషి ఒకాయన వచ్చి, “ఏమనుకోకండి మాస్టారూ, దేవుడి కార్యం. పెద్దవాళ్లు వస్తున్నారు, చూస్తే బాగుండదు. దానిమీద ఈ గుడ్డ కట్టండి” అన్నాడు. చేతిలో కాషాయం గుడ్డ. తిట్టలేదు, నవ్వుతూనే అన్నాడు. తిడితే తిరిగి తిట్టొచ్చు, నవ్వితే ఏం చేస్తాం? కట్టాం.

డ్రమ్ము ముఖాన గుడ్డ కడితే మోత చస్తుంది. మోత చస్తే మేళానికి నడక ఉండదు. మిగతా మూడు మేళాలనీ మైకులో పేరుపెట్టి పిలిచారు. మా వంతు వచ్చేసరికి ‘ఇప్పుడు సాయిబుల మేళం’ అన్నారు. వాయించాం. కీర్తనకు ముసలమ్మలు కళ్లు మూసుకుని దండం పెట్టారు. వాళ్లు మా పేరు అడగలేదు, మతం అడగలేదు. చివర్లో న్యాయనిర్ణేత లేచి, “స్వరం శుద్ధంగా ఉంది. పెద్ద డ్రమ్ము పలకలేదు” అన్నాడు. మార్కులు కోశారు. మూడో బహుమతి ఇచ్చారు.

గుడ్డ కట్టించింది ఒకరు, మోత లేదని మార్కులు కోసింది మరొకరు. ఇద్దరూ ఒకే వేదిక మీద పక్కపక్కన కూర్చున్నారు. ఈ దేశంలో మాకు జరుగుతున్నదంతా ఇదే. చదువుల్లో, కొలువుల్లో మేం ఎంత వెనకబడి ఉన్నామో 2006లో సచార్ కమిటీ లెక్కలు కట్టి చెప్పింది. లెక్క చూసినవాళ్లు ‘వీళ్లు చదువుకోరు, ఎదగరు’ అన్నారు. డ్రమ్ము పలకలేదనడం తేలిక. దానిమీద గుడ్డ ఎవరు కట్టారని అడగడమే కష్టం.

‘కళకు మతం లేదు’ అని మాకు చెబుతారు. ఆ మాట ముందు కమిటీవాళ్లకు చెప్పండి. కళకు మతం లేకపోతే డ్రమ్ముకు గుడ్డెందుకు? కరవది నుంచి శ్రీరంగం వెళ్లి నాదస్వరం ఊదిన షేక్ చినమౌలానాకు 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి వచ్చాయి. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. భద్రాచలం రాముడి సన్నిధిలో ఊదిన గోసవీడు షేక్ హసన్‌కు పోయాక, 2022లో ఇచ్చారు. వాళ్లు మా గర్వం. కానీ వాళ్ల ఫోటోలు చూపించి ‘చూశారా సామరస్యం’ అని మా నోరు మూయించడం అన్యాయం. నలుగురికి శాలువా కప్పి నాలుగు వేలమందికి గుడ్డ కడితే అది సామరస్యం కాదు.

మసీదు ముందు మేళం అనే పేరుతో ఎన్ని కొట్లాటలు జరిగాయో చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. 1926లో కలకత్తా అల్లర్లు అలాగే రాజుకున్నాయి. మసీదు దగ్గరికి రాగానే బాకా దించి, దాటాక మళ్లీ ఎత్తుకునే మర్యాద మా మేళగాళ్లకు ఎవరూ చట్టం చేసి నేర్పలేదు. నమాజు చేసేవాడూ తెలిసినవాడే, ఊరేగింపు తీసేవాడూ తెలిసినవాడే. ఇప్పుడు మా స్థానంలో డీజే పెట్టెలొచ్చాయి. పెట్టెకు ఊపిరి లేదు, తీసుకునే విరామం లేదు, పడే మొహమాటం లేదు. 2022 శ్రీరామనవమికి ఖర్గోన్‌లో ఊరేగింపు దగ్గర చెలరేగిన గొడవ తర్వాత బుల్డోజర్లు ఎవరి ఇళ్ల మీదికి వెళ్లాయో దేశమంతా చూసింది. మేళం పోవడమంటే మా కూలి పోవడం ఒక్కటే కాదు. ఊరేగింపులో మీకూ మాకూ మధ్య నడిచే ఒక మనిషి పోతున్నాడు.

మా ఇంటి సంగతీ చెప్పాలి. సంగీతం హరామ్ అని మా పెద్దలు మమ్మల్ని మసీదులో వెనక వరసకు నెడతారు. దూదేకుల పిల్లను చేసుకోమంటే ఉర్దూ రాదని వంక పెడతారు. బాకా ఊదిన డబ్బుతో మసీదుకు చందా ఇస్తే మాత్రం రసీదు రాస్తారు. అల్లా ముందు అందరూ సమానమని చెప్పే నోటితోనే మాకు కులం చెబుతారు. కమిటీవాడు కట్టింది కాషాయం గుడ్డ, వీళ్లు కట్టేది ఆకుపచ్చ గుడ్డ. మోత రెండింటికిందా చస్తుంది.

అందుకే ఇకమీదట బయానా తీసుకునేటప్పుడే షరతులు చెప్పదలిచాం. డ్రమ్ము మీద పేరు కప్పేది లేదు. మైకులో మేళం పేరు, మాస్టరు పేరు పూర్తిగా చదవాలి. అన్నం అందరితోపాటు, అందరి పంక్తిలోనే పెట్టాలి. మాతో డ్రమ్ములు కొట్టే మాల, మాదిగ సోదరులకూ ఇవే షరతులు. నచ్చనివాళ్లు వేరే మేళం చూసుకోవచ్చు. ఆ రోజు కూలి పోతుందని మాకు తెలుసు. తెలిసే చెబుతున్నాం.