జపానోడు బాంబేసిన యేడు

2025 జూన్ 23వ తేదీ రాత్రి అల్ ఉదైద్ అను అమెరికా సైనిక స్థావరముపైకి ఇరాను విడిచిన క్షిపణులను నింగిలోనే ఛేదించు మెరుపులు దోహా పైని కనబడినపుడు, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని మా మేడపై, ఎవరో ఆరవేసిన లుంగీల నడుమ నిలిచి చూచినవారిలో నేనును ఒకడను. అంతలో విశాఖపట్టణమునుండి మా అమ్మ ఫోను చేసి, క్షేమమడుగుటకు ముందే, "జపానోడు బాంబేసిన నాడు మా అమ్మమ్మ పొయ్యి మీద అన్నం వదిలేసి పరిగెత్తిందిరా, నువ్వు మేడెక్కి చూస్తున్నావా? కిందికి దిగు!" అని గద్దించెను.

ఆ నాడు 1942 ఏప్రిల్ 6. ర్యూజో అను జపాను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖ రేవుపైనను కాకినాడపైనను బాంబులు విడిచినవి. 1933లో తెరువబడిన రేవు, రాజేంద్రప్రసాదుగారు 1941 జూన్‌లో పునాదిరాయి వేయగా ఇంకను ఏడాదైనను నిండని సింధియా నౌకానిర్మాణశాల, ఈ రెండే మత్స్యకారుల పల్లెలకు ఆనుకొనియున్న ఆ చిన్న పట్టణమును శత్రువు పటములోని కెక్కించినవి. నష్టము స్వల్పమే కావచ్చును గాని భయము స్వల్పము కాదు. బండ్లు కట్టుకొని జనులు పల్లెలు పట్టిరి, ఆంధ్ర విశ్వవిద్యాలయమంతటిది గుంటూరునకు తరలి 1946 వరకు అచటనే యుండెను. మా యిండ్లలో పుట్టిన తేదీలు తెలియని ముసలివారు ఆ యేటినిబట్టియే తమ వయస్సు లెక్కించుకొనెడివారు.

అట్టి నగరము నేడు ఆ దినమును ఎట్లు స్మరించుచున్నది? బీచిరోడ్డులోని విశాఖ మ్యూజియములో పేలని జపాను బాంబొకటి భద్రముగా నున్నది. పిల్లలు దాని ప్రక్క నిలిచి ఫోటోలు దిగుదురు. చంపవచ్చినదానికి పీటవేసి, చచ్చినవారిని వీధిలో నిలిపితిమని నాకు తోచును. నగరపాలక సంస్థయు రేవు అధికారులును కలిసి, పాత మరణరిజిస్టర్లను, కూలీల హాజరుపట్టీలను వెదకించి, నాడు పదేండ్ల పిల్లలై నేడు తొంబది దాటినవారి మాటలు వ్రాయించి, పోయినవారి పేర్లొక రాతిపలకపై చెక్కింపవలెను. ఇందులకు కావలసినది ధనము కాదు, త్వర.

మరునాడు అమ్మకు నేనే ఫోను చేసి, ఆ దినమున మన వాడలో ఎవరైన పోయిరా యని అడిగితిని.

"హార్బరు పనికెళ్లిన కుర్రాడొకడు తిరిగి రాలేదని అమ్మమ్మ చెప్పేది. పేరా... ఉండు, చెప్పేదిరా, నోటికి రావట్లేదు."