కిలోమీటర్లు కాదు, నెలలు లెక్కపెట్టండి

అశోక్‌నగర్‌లో రూము, చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ, నారాయణగూడలో టిఫిన్. గ్రూప్స్‌కి చదివే మీలో చాలామంది బండి రోజూ తిరిగేది ఈ రెండు మూడు కిలోమీటర్లే. మిగతా టైమంతా హాస్టల్ ముందు ఎండకీ వానకీ నిలబడే ఉంటుంది. ‘పెద్దగా తిరగలేదు కదా, సర్వీసు ఇప్పుడెందుకు?’ అనిపించడం సహజం. కానీ తక్కువ తిరిగే బండికే ఎక్కువ శ్రద్ధ కావాలి.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆపేస్తుంటే లోపల చేరిన తేమ ఆవిరైపోదు. ఆయిల్‌లోనే కలిసిపోయి దాన్ని పాడుచేస్తుంది. అందుకే కంపెనీ ఇచ్చే మాన్యువల్‌లో సర్వీసుకి కిలోమీటర్లూ నెలలూ రెండూ రాసి, ఏది ముందైతే అది అంటారు. మీకు ముందొచ్చేది నెలలే.

ఇంట్లోవాళ్లు కొత్త బండి కొనిచ్చారా? మొదటి 1000 కి.మీ. వరకు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పొద్దు. అలాగని ఒకే స్పీడులో కూడా పోవద్దు. పిస్టన్ రింగులు సిలిండర్‌కి సరిగ్గా అమరాలంటే స్పీడు మారుతుండాలి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ట్రాఫిక్‌లో అది కుదరదు. ఓ ఆదివారం పొద్దున్నే ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్ దాకా వెళ్లి రండి. మొదటి సర్వీసు మాత్రం వాయిదా వేయొద్దు. కొత్త ఇంజిన్‌లో అరిగిన సన్నటి లోహపు పొడి పాత ఆయిల్‌తో పాటు బయటికి పోయేది అప్పుడే. ఉచిత సర్వీసులో కూలీ మాత్రమే ఫ్రీ, ఆయిల్ డబ్బులు మీవే. అయినా మానేస్తే వారంటీకే ఎసరు.

పాత బండైతే వారానికి పది నిమిషాలు చాలు. బండి చల్లగా ఉన్నప్పుడు టైర్లలో గాలి చూడండి. ఆయిల్ లెవెల్ మాన్యువల్‌లో చెప్పినట్టు చూడండి. చైన్ వదులైందేమో చూసి, తుడిచి లూబ్ వేయండి. బ్రేకులు, లైట్లు, హారన్ పరీక్షించండి. ప్రిపరేషన్‌లో పడి వారాల తరబడి బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోతుంది. నిలబెట్టి రెండు నిమిషాలు స్టార్ట్ చేస్తే సరిపోదు, ఓ పావుగంట, ఇరవై నిమిషాలు నడపాలి.

జీతం రాని రోజుల్లో ఇంజిన్ రిపేరు బిల్లు కట్టేది అమ్మానాన్నలే. పరీక్ష రోజున బండి మొరాయిస్తే ఆ నష్టం ఏ మెకానిక్కూ తీర్చలేడు. గేటు మూసే టైము మనకోసం ఆగదు. ఈ రాత్రి చదువు ముగించాక సర్వీసు బుక్ తీసి చివరి తేదీ ఎప్పుడో చూడండి. తర్వాతి తేదీని గోడమీది టైమ్‌టేబుల్‌లోనే రాసిపెట్టుకోండి.