మద్దెల ఓడు కాదు

1986 ఏప్రిల్ 11 ఉదయం, మయామీ దగ్గర ఓ వీధిలో ఒక 9 ఎం.ఎం. తూటా ఒక మనిషి కుడి చేతిని చీల్చుకుంటూ వెళ్లి, ఛాతీలో దిగి, గుండెకు అంగుళం ఇవతల ఆగిపోయింది. ఆ అంగుళం పేరు చెప్పి అమెరికా పోలీసు శాఖలు ముప్పై ఏళ్లు తుపాకులు మార్చాయి, తూటాలు మార్చాయి, మళ్లీ మార్చాయి, చివరికి బయల్దేరిన చోటికే వచ్చి చేరాయి. ఇంతకాలమూ బోనులో నిలబడింది ఆ తూటా ఒక్కటే. ఆడలేక మద్దెల ఓడు అనడం అంటే ఇదే.

ఆ రోజు నిజంగా జరిగిందేమిటి? బ్యాంకులు దోచే ఇద్దరిని, మైఖేల్ ప్లాట్, విలియం మాటిక్స్ అనేవాళ్లను, ఎనిమిది మంది ఎఫ్.బి.ఐ. ఏజెంట్లు కార్లతో గుద్ది ఆపారు. ప్లాట్ చేతిలో మినీ-14 రైఫిలు ఉంది. ఏజెంట్లలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి పిస్తోళ్లు, రివాల్వర్లు. కార్లు గుద్దుకున్న ఊపులో ఒకరి రివాల్వర్ సీటు మీంచి ఎగిరి కనబడకుండా పోయింది, ఇంకొకరి కళ్లజోడు ఊడిపోయింది. రైఫిలుకు ఎదురుగా చేతి తుపాకులతో నిలబడ్డారు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఛాతీలో ఆ తూటా దిగాక కూడా ప్లాట్ కాలుస్తూనే ఉన్నాడు. చివరికి పోరు ముగించింది ఏజెంట్ ఎడ్మండో మిరేలెస్. ఎడమ చెయ్యి నుజ్జయిపోయినా లేచి, ఒంటి చేత్తో రివాల్వర్ పట్టుకుని, దగ్గరికి నడిచి వెళ్లి కాల్చాడు. అందులో ఉన్నవి .38 స్పెషల్ తూటాలు. 9 ఎం.ఎం. కన్నా పాతవి, బలంలో దానికన్నా తక్కువవి. ఆ ఉదయం నేర్పిన పాఠాల్లో ఇది అన్నిటికన్నా ముందు చదవాల్సింది, అందరూ దాటేసింది.

ఆ మొదటి తూటా ఇంకా లోతుకు దిగి ఉండాల్సింది, నిజమే. చేతిని దాటేసరికే అది విచ్చుకుని ఊపు పోగొట్టుకుంది. లోతు లేని తూటా ఎంత సరైన చోట తగిలినా పని చెయ్యదు. కానీ దానికి మందు అదే కొలత పిస్తోలులో లోతుగా దిగే బుల్లెట్టు. 1989లో ఎఫ్.బి.ఐ. తరఫున యూరీ పాట్రిక్ రాసిన నివేదిక రెండే మాటలు గట్టిగా చెప్పింది: సరైన చోట తగలాలి, కనీసం పన్నెండు అంగుళాల లోతు దిగాలి. మిగతావన్నీ ఆ తర్వాతే అంది. ఆ నివేదికను చేతిలో పెట్టుకునే సంస్థ ఏం చేసింది? 10 ఎం.ఎం. అనే బలమైన తూటాను నెత్తికెత్తుకుంది. అది చేతిని ఎంతగా తన్నిందంటే, తూటాలో తుపాకీమందు తగ్గించి నింపించుకోక తప్పలేదు. మందు తగ్గాక అంత పొడవు గుల్ల ఎందుకని దాన్ని కురచ చేస్తే 1990లో .40 స్మిత్ అండ్ వెసన్ పుట్టింది. దేశమంతా పోలీసు శాఖలు దాని వెంట పడ్డాయి. 1997లో ఎఫ్.బి.ఐ. కూడా దానికే మారింది. 2014లో అదే ఎఫ్.బి.ఐ. శిక్షణ విభాగం మరో పత్రం రాసింది: మంచి 9 ఎం.ఎం. తూటా చేసే గాయానికీ పెద్ద తూటాలు చేసే గాయానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు, 9 ఎం.ఎం.తో మనవాళ్లు త్వరగా, గురిగా కొడుతున్నారు, కాబట్టి వెనక్కి పోదాం. 2016లో ఆ పిస్తోళ్లకు కాంట్రాక్టు ఇచ్చారు.

ఆ పత్రంలోనే ఇంకో అంకె ఉంది. అసలైన కాల్పుల్లో పోలీసులు పేల్చే తూటాల్లో నూటికి డెబ్బై నుంచి ఎనభై గురి తప్పుతున్నాయి. తగలని తూటా బలం గురించా ముప్పై ఏళ్లు కొట్టుకున్నది? తగిలే ఆ ఇరవై, ముప్పైని పెంచడానికి అందులో సగం శ్రద్ధ పెట్టి ఉంటే ఎంతమంది ఇళ్లకు చేరేవారు!

ఇది మయామీతో మొదలైన రోగం కాదు. ఫిలిప్పీన్స్‌లో మోరో యోధుల్ని .38 రివాల్వర్లు ఆపలేకపోయాయని 1904లో అమెరికా సైన్యం థాంప్సన్, లగార్డ్ అనే ఇద్దరు అధికారులకు విచారణ అప్పగించింది. వాళ్లు షికాగో పశువధశాలల్లో పశువుల మీద, మనుషుల శవాల మీద కాల్చి చూసి, .45 కన్నా చిన్నది వద్దన్నారు. ఆ ముక్క ప్రపంచమంతా కంఠతా పట్టింది. .45 పిస్తోలు దాని మీదే నిలబడింది. కానీ అదే నివేదికలో ఇంకో ముక్క కూడా ఉంది. ఒంట్లో చాలా భాగాల్లో ఏ తూటా తగిలినా మనిషి అక్కడికక్కడే ఆగడు, కాబట్టి పిస్తోలు పట్టే సైనికుడికి గురి సాధన ఎడతెగకుండా చేయించాలి అని. ఒకే కాగితం మీది రెండు మాటల్లో డబ్బుతో కొనగలిగినదాన్ని పట్టుకున్నారు, చెమటతో సంపాదించాల్సినదాన్ని వదిలేశారు. నా కోపమంతా ఇక్కడే.

తూటా తగిలితే మనిషి ఎగిరి గోడకు కొట్టుకుంటాడనేది మన సినిమాలు మన బుర్రల్లోకి ఎక్కించిన అబద్ధం. న్యూటన్ మూడో సూత్రం చదివిన ఏ పదో తరగతి పిల్లాడైనా చెప్పగలడు: తూటా తగిలినవాణ్ణి ఎంత నెడుతుందో, కాల్చినవాణ్ణి తుపాకీ కనీసం అంత నెడుతుంది. వీడు పడిపోనప్పుడు వాడెలా ఎగురుతాడు? పిస్తోలు తూటా చేసేది ఒక రంధ్రం. ఆ రంధ్రం ఎక్కడ పడింది, ఎంత లోతు పడింది అన్నదే లెక్క. యుద్ధ గాయాల వైద్యుడు మార్టిన్ ఫాక్లర్ జీవితమంతా ఇది మొత్తుకున్నాడు. దుకాణాలు మాత్రం శక్తి అంకెలే అమ్మాయి.

వేటగాళ్ల లోకంలోనూ ఇదే వాదన. స్కాట్లండ్‌కు చెందిన డబ్ల్యు.డి.ఎం. బెల్ ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. దంతాల కోసం చేసిన ఆ ఊచకోతను నేను మెచ్చుకోను. కానీ వాటిలో ఎక్కువ భాగాన్ని అతను చంపింది జింకల వేటకు వాడే 7 ఎం.ఎం. మౌజర్ తూటాతో. ఎలా? ఏనుగు పుర్రెను నిలువునా కోయించి మెదడు ఎక్కడుందో చదువుకున్నాడు, లోతుగా దిగే గట్టి బుల్లెట్టు ఎంచుకున్నాడు, ఖాళీ తుపాకీతో గురి సాధన చేస్తూనే ఉన్నాడు. అతని తూటాను చూసి చిన్నది చాలనుకునేవాళ్లు, ఆ కోసిన పుర్రెను చూడరు. రెండో వైపు చంపావత్ ఆడపులి. 1907లో జిమ్ కార్బెట్ చంపేనాటికి అది నేపాల్లో, కుమావున్‌లో కలిపి 436 మందిని పొట్టన పెట్టుకుంది. కుడివైపు కోరపళ్లు రెండూ విరిగి ఉన్నాయి, పాత తుపాకీ దెబ్బకు. తన సహజమైన వేట చెయ్యలేకే అది మనుషుల మీద పడిందని కార్బెట్ రాశాడు. ఆ కాల్చినవాడి తూటా ఎంత బలమైనదైతేనేం? నోటికి తగిలింది, ఊళ్లు ఏడ్చాయి.

ఊళ్ల దాకా ఎందుకు, 2012 ఆగస్టు 24న న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ముందు ఇద్దరు పోలీసులు ఒక హంతకుడి మీద 16 తూటాలు పేల్చారు. వాడు వాళ్లకు పది అడుగుల దూరంలో కూడా లేడు. వాడు చచ్చాడు, దారిన పోయే తొమ్మిది మంది పోలీసు తూటాలకు, వాటి ముక్కలకు గాయపడ్డారు. ఆ శాఖ అప్పట్లో పిస్తోళ్లకు కావాలనే పెట్టించిన ట్రిగ్గర్ ఎంత బరువంటే, దాన్ని లాగడానికి దాదాపు ఐదున్నర కిలోల బలం కావాల్సి వచ్చేది. అంత బరువు లాగుతుంటే చెయ్యి కదిలి తీరుతుంది. అక్కడ ఏ తూటా బలం పెంచి ఉంటే ఆ తొమ్మిది మంది క్షేమంగా ఉండేవారో ఎవరైనా చెప్పగలరా?

మనదేశానికీ ఈ గాలి తగిలింది. ఇన్సాస్ రైఫిలు వచ్చినప్పుడు 5.56 ఎం.ఎం. శత్రువును గాయపరిస్తే చాలు, వాణ్ణి మోయడానికి ఇంకో ఇద్దరు పోతారు అన్నారు. కశ్మీర్ అనుభవం తర్వాత 7.62 కావాలన్నారు. 2019లో 72,400 సిగ్ రైఫిళ్లకు ఆర్డరిచ్చారు, 2021లో ఏకే-203లకు సంతకాలు చేశారు. ఇన్సాస్‌కు నిజమైన లోపాలు ఉన్నాయి, మంచులో పగిలిన మ్యాగజీన్లతో పోరాడిన జవాన్లకు మంచి ఆయుధం ఇవ్వడం మన బాధ్యత. కానీ పత్రికల్లో, చర్చల్లో వినబడిందంతా మిల్లీమీటర్ల లెక్కే. ఆ రైఫిలు పట్టే కుర్రాడికి ఏడాదికి ఎన్ని తూటాలు సాధనకు ఇస్తున్నారు, వాటిలో ఎన్ని కదిలే గురి మీద, ఎన్ని చీకట్లో, ఎన్ని రొప్పుతూ పరుగెత్తి ఆగి కాల్చినవి అని అడిగిన గొంతు ఎంత పలచన! హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ ఎయిర్ రైఫిల్ పోటీలో పది మీటర్ల దూరం నుంచి కొట్టాల్సిన నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. ఆ చెయ్యి ఏళ్ల సాధనతో తయారైందని మనకు తెలుసు, అందుకే చప్పట్లు కొట్టాం. ప్రాణాలకు తెగించి నిలబడే కానిస్టేబుల్ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎక్కడికి పోతుంది?

రేపు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ పోలీసు శాఖ అయినా కొత్త పిస్తోళ్ల ఫైలు పంపితే, సంతకం పెట్టే అధికారి క్యాలిబర్ చూసేముందు సాధన తూటాల పద్దు ఎక్కడుందో వెతకాలి. ఆ పద్దు లేకపోతే ఫైలు తిప్పి పంపాలి. శాసనసభలో ప్రశ్న వేసేవాళ్లు ఎన్ని తుపాకులు కొన్నారని కాదు, ఒక్కొక్కరు ఎన్ని రౌండ్లు కాల్చారు, ఎన్ని తగిలాయి అని వేయాలి, జిల్లాల వారీగా జవాబు రాబట్టాలి.