చేతి తిమ్మిరి వెనక పీయూష గ్రంథి

నెలకోసారి వేయించుకునే ఇంజెక్షన్‌కు బదులు రోజుకో మాత్ర. అక్రోమెగాలీ అనే అరుదైన జబ్బుకు పాల్టుసోటిన్ అనే మాత్రను 2025 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. ఆపరేషన్ చేసినా జబ్బు అదుపులోకి రానివారికి, ఆపరేషన్ కుదరని పెద్దలకు దీన్ని ఇవ్వొచ్చని చెప్పింది. ఇంజెక్షన్లతో అప్పటికే జబ్బు అదుపులో ఉన్నవారిని ఈ మాత్రకు మార్చి చూస్తే 83% మందిలో ఆ అదుపు చెడలేదు. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 4% మందికే అలా నిలిచింది. ఏళ్ల తరబడి సూదులతో విసిగిపోయినవారికి ఇది నిజంగా శుభవార్తే.

కానీ మాత్ర వేసుకోవాలంటే ముందు జబ్బు ఉందని తెలియాలి కదా! చిక్కంతా అక్కడే. అక్రోమెగాలీ మొదలయ్యాక బయటపడటానికి తరచూ 5 నుంచి 10 ఏళ్లు పడుతోంది. పోనీ, అన్నేళ్లూ ఆ మనిషి ఆసుపత్రి గడప తొక్కలేదా అంటే, తొక్కుతూనే ఉంటారు. చేతుల తిమ్మిర్లకు ఎముకల డాక్టరు, తలనొప్పికి మరో డాక్టరు, గురకకు ఈఎన్‌టీ, చూపు తేడాకు కళ్లద్దాల దుకాణం. ఎవరికి వారు తమ ముందున్న ముక్కకు మందు రాసి పంపిస్తారు. ముక్కలన్నీ కలిపి చూసేవారు ఉండరు. ఆ ముక్కల్లో చాలావాటికి నాడీవ్యవస్థతో సంబంధం ఉంది.

విచిత్రం ఏమిటంటే, ఈ జబ్బుకు పేరు పెట్టిందే ఒక నాడీ వైద్యుడు. 1886లో ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ మారీ దీన్ని అక్రోమెగాలీ అన్నారు. శరీరం కొసలు పెద్దవి కావటం అని దాని అర్థం. ఆ పేరు వల్లనే కాబోలు, చేతులు, పాదాలు, దవడ పెరగటమే జబ్బంతా అనుకోవటం అలవాటైపోయింది. లోపల నాడులు పడే బాధ వెనకబడిపోయింది.

అసలు జరిగేది ఇది. మెదడు అడుగున, ముక్కు వెనక, బఠాణీ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. దీన్నే పిట్యూటరీ అంటారు. ఇందులో క్యాన్సర్ కాని చిన్న కణితి పుట్టి, గ్రోత్ హార్మోన్‌ను అదుపు లేకుండా వదులుతుంది. దాని ప్రభావంతో కాలేయం నుంచి ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్ ఎక్కువగా వస్తుంది. ఎదిగే పిల్లల్లో అయితే మనిషి విపరీతంగా పొడుగవుతాడు. పెద్దల్లో ఎముకల కొసలు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి కాబట్టి ఎత్తు పెరగరు. ఎముకలు లావెక్కుతాయి, చర్మం మందమవుతుంది, ఒంట్లోని మెత్తటి కణజాలమంతా నీరు పట్టి ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు నాడులు కూడా మినహాయింపు కాదు.

ముందుగా దెబ్బ తగిలేది తరచూ మణికట్టు దగ్గర. అక్కడ ఎముకలకూ గట్టి పట్టీకీ మధ్య సన్నటి సొరంగం ఉంటుంది. అందులోంచి మీడియన్ అనే నాడి అరచేతిలోకి వెళుతుంది. అది నలిగితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలికి సాధారణంగా ఏమీ కాదు. అర్ధరాత్రి మెలకువ వచ్చి చెయ్యి విదిలించుకుంటే గానీ తగ్గదు. దీన్నే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. అక్రోమెగాలీ బాధితుల్లో కనీసం ఐదుగురిలో ఒకరికి, కొన్ని అధ్యయనాల్లో అయితే సగానికి పైగా, ఈ ఇబ్బంది కనిపించింది. తరచూ రెండు చేతులకూ వస్తుంది. సొరంగం ఇరుకై నాడిని నొక్కడమే దీనికి కారణమని చాలాకాలం అనుకున్నారు. తర్వాత ఎమ్మారైలో చూస్తే నాడే ఉబ్బి ఉన్నట్టు తేలింది. హార్మోన్ తగ్గితే ఆ ఉబ్బు దిగి, తిమ్మిరి కూడా చాలామందిలో తగ్గుతుంది. అసలు కారణం పట్టుకోకుండా మణికట్టుకు మాత్రం ఆపరేషన్ చేయించి ఇంటికి పంపిస్తే, మెదడు అడుగున కణితి తన పని తాను చేసుకుంటూ పోతుంది.

మన ఇళ్లలో చేతి తిమ్మిరి అనగానే వినిపించే మాటలు మూడు: మెడ అరిగింది, బీ12 తగ్గింది, షుగర్ ఉంది కదా. చాలాసార్లు అవి నిజమే. గర్భిణుల్లో, థైరాయిడ్ తగ్గినవారిలో కూడా కార్పల్ టనెల్ మామూలే. తిమ్మిరి ఉన్న ప్రతి వందమందినీ పరీక్షిస్తే ఒక్కరికైనా అక్రోమెగాలీ దొరుకుతుందన్న హామీ లేదు. ఇది చదివి రాత్రి నిద్ర పోగొట్టుకోవద్దు. అయితే షుగర్ మీద తోసేసే ముందు ఒక మెలిక గుర్తుంచుకోవాలి. గ్రోత్ హార్మోన్ ఇన్సులిన్‌కు ఎదురు పనిచేస్తుంది కాబట్టి ఈ జబ్బే షుగర్‌ను తెచ్చిపెట్టగలదు. ఆ షుగర్ కాళ్ల నాడుల్ని పాడుచేస్తుంది. షుగర్ లేకపోయినా అక్రోమెగాలీలో నాడులు మందమై దెబ్బతినటం ఉంది. పాదాలు మొద్దుబారితే ‘షుగర్ వల్లే’ అని ఫైలు మూసేస్తారు. ఆ షుగర్ ఎందుకొచ్చిందని వెనక్కి వెళ్లి అడిగేవారు తక్కువ.

తలనొప్పి ఇంకో గమ్మత్తు. బాధితుల్లో సగానికి పైగా దీంతో సతమతమవుతారు. కణితి పెద్దదైతేనే నొప్పి ఎక్కువ అనుకోవద్దు, చిన్న కణితితోనూ తల పగిలిపోవచ్చు. చూపు సంగతి మాత్రం పూర్తిగా కణితి పరిమాణం మీదే ఆధారపడుతుంది. పీయూష గ్రంథికి సరిగ్గా పైన రెండు కళ్ల నాడులూ ఒకదాన్నొకటి దాటే కూడలి ఉంది. కణితి పైకి పెరిగి దాన్ని నొక్కితే రెండు పక్కల చూపు పోతుంది. ఎదురుగా ఉన్న అక్షరాలు మాత్రం బాగానే కనిపిస్తాయి. అందుకే కళ్లద్దాల దుకాణంలో అక్షరాల చార్టు చదివించి ‘అంతా బాగుంది’ అంటారు. ఇంట్లో చూస్తే గుమ్మానికి భుజం తగులుతుంటుంది, బండి నడుపుతుంటే పక్కనుంచి వచ్చే ఆటో ఆఖరి క్షణం దాకా కనపడదు. దీనికి ఫీల్డ్ టెస్ట్ అనే వేరే పరీక్ష ఉంది. అడిగి చేయించుకోవాలి.

వెన్నెముకలోనూ ఇదే కథ. ఎముకలు, పట్టీలు మందమై వెన్నుపాము దారి ఇరుకైతే నాలుగడుగులు వేసేసరికి కాళ్లు బరువెక్కుతాయి. కండలు చూడ్డానికి దిట్టంగా ఉన్నా బలం ఉండదు. కింద కూర్చుంటే లేవటం కష్టం. నాలుక లావై రాత్రి ఊపిరి ఆగి ఆగి వస్తుంది, కొందరిలో మెదడు నుంచి ఊపిరికి అందే సంకేతాలు కూడా తడబడతాయి. పగలంతా కునికిపాట్లు, మతిమరుపు, చిరాకు, దిగులు. వీటన్నిటికీ ‘వయసు మీద పడుతోంది’ అనేది మనకు రెడీగా ఉన్న జవాబు.

ఇక విశ్లేషించాల్సిన లెక్క. విదేశీ అధ్యయనాల్లో ప్రతి పది లక్షల మందికి సుమారు 60 మంది బాధితులు ఉన్నట్టు తేలింది. 2011 జనాభా లెక్కల్లో రెండు తెలుగు రాష్ట్రాల జనం సుమారు 8.46 కోట్లు. అదే నిష్పత్తి ఇక్కడా ఉంటే దాదాపు 5 వేల మంది అవుతారు. ఇంత అరుదైన జబ్బుకు అందరికీ పరీక్ష చేయమనటం డబ్బు దండగ. నా ఉద్దేశంలో దారి మరొకటి ఉంది. మణికట్టు ఆపరేషన్ దాకా వచ్చినవారిని, గురకకు మిషన్ పెట్టుకోమన్నవారిని మరో రెండు ప్రశ్నలు అడిగితే చాలు: ‘ఉంగరం బిగుతైందా? చెప్పుల సైజు మారిందా?’ అవునంటే ఒక రక్తపరీక్ష రాయాలి. హార్మోన్ వైద్యుల మార్గదర్శకాలు చెప్పేది కూడా దాదాపు ఇదే. ఇలాంటి సమస్యలు ఒకరిలోనే కలిసి కనిపిస్తే ఐజీఎఫ్-1 చూడమంటాయి.

డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. ఈ జబ్బు ఎంత నెమ్మదిగా మారుస్తుందంటే, రోజూ చూసే ఇంట్లోవాళ్లకు తేడా తెలియదు. పదేళ్ల తర్వాత పెళ్లిలో కలిసిన దూరపు చుట్టం ‘ఏంటి వదినా, మొహం ఇలా మారిపోయింది?’ అంటే కోపం తెచ్చుకోవద్దు. ఆ చుట్టం కళ్లే సరైనవి కావొచ్చు. రెండు-ఆరు సైజు గాజులు వేసుకునే ఆమెకు ఒళ్లు పెరగకుండానే రెండు-పది కూడా ఎక్కకపోవటం, పళ్ల మధ్య సందులు రావటం, ఏసీలో కూడా చెమట పట్టటం గమనించారా? పదేళ్ల కిందటి పెళ్లి ఆల్బమ్, పాత ఆధార్ కార్డు వెంట తీసుకెళ్లండి. కొన్ని వేల రూపాయల స్కాన్ల కన్నా అవి ముందు మాట్లాడతాయి.

ఐజీఎఫ్-1 రిపోర్టును వయసును బట్టి చదవాలి. షుగర్ బాగా అదుపు తప్పినా, కాలేయం దెబ్బతిన్నా అది తక్కువగా చూపించి మభ్యపెడుతుంది. గ్రోత్ హార్మోన్‌ను ఒక్కసారి రక్తంలో కొలిస్తే ఉపయోగం లేదు, అది గంటగంటకూ మారుతుంది. అనుమానం ఉంటే 75 గ్రాముల గ్లూకోజు తాగించి అది తగ్గుతోందో లేదో చూస్తారు. ఆ తర్వాతే ఎమ్మారై. ముందే స్కాన్ తీయించుకుంటే ఏ హానీ చేయని చిన్న మచ్చ కనపడి అనవసరమైన కంగారు మొదలవుతుంది.

చికిత్సలో మొదటి స్థానం ఇప్పటికీ ముక్కులోంచి చేసే ఆపరేషన్‌దే, కొత్త మాత్రది కాదు. 10 మిల్లీమీటర్లలోపు కణితి అయితే అనుభవమున్న సర్జన్ చేతిలో పదిమందిలో ఎనిమిది మందికి పైగా పూర్తిగా అదుపులోకి వస్తుంది. అంతకన్నా పెద్దదైతే సగం మందికి అటూ ఇటూ. ఆలస్యానికి మనం కట్టే అసలు ధర ఇదే. జబ్బు బయటపడేసరికి ఎక్కువమందిలో కణితి ఆ హద్దు దాటి ఉంటుంది. అప్పుడు ఇంజెక్షన్లు, మాత్రలు, రేడియేషన్ అంటూ జీవితాంతం తిరగాల్సి వస్తుంది. ఆపరేషన్ ఖర్చు ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

ఒక్కటి మాత్రం ఆగేది కాదు. ఉన్నట్టుండి ఎన్నడూ ఎరగనంత తలనొప్పి, వాంతి, చూపు తగ్గటం, ఒకటి రెండుగా కనిపించటం, కనురెప్ప వాలిపోవటం. ఇవి కలిసి వస్తే పీయూష గ్రంథిలో రక్తస్రావం అయి ఉండొచ్చు. మైగ్రేన్ అనుకుని మాత్ర వేసుకుని పడుకోకుండా, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి అప్పటికప్పుడే వెళ్లాలి.

ఆపరేషన్ సఫలమైతే కొద్దిరోజుల్లోనే ఉంగరం వదులవుతుంది, చెమట తగ్గుతుంది. పెరిగిన ఎముక మాత్రం వెనక్కి రాదు. సుమారు 12 వారాల తర్వాత ఐజీఎఫ్-1 మళ్లీ చూస్తారు, చూపు దెబ్బతిని ఉంటే ఫీల్డ్ టెస్ట్ కూడా. హార్మోన్ మామూలు స్థాయికి వచ్చి నెలలు గడిచినా వేళ్లు ఇంకా తిమ్మిరెక్కుతుంటే, అప్పుడు నర్వ్ కండక్షన్ పరీక్ష చేయించి మణికట్టు ఆపరేషన్ సంగతి ఆలోచిస్తారు.